ఈస్నోఫిల్స్ తగ్గాయి, ఆయాసం మాత్రం తగ్గలేదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కోవూరు దగ్గర పల్లె. నాకు 22 ఏళ్లు. బి.ఎస్సీ. అయ్యాక నెల్లూరులో ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తున్నా. చిన్నప్పటినుంచీ వానలు మొదలైతే జలుబు, తెల్లారుజామున ఆయాసం, పిల్లికూతలు. మా అమ్మకూ ఉంది, తాతకు ఉండేది, కొండపిలో ఉండే మా మేనమామకూ ఉంది. కార్తీక మాసంలో బాగా ఎక్కువైతే రక్తం పరీక్ష చేయించారు. ఏఈసీ 820, ఐజీఈ 1,150 వచ్చాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు సూదులు వేసి, వారానికి మాత్రలిచ్చారు. మళ్ళీ పరీక్ష చేయిస్తే ఏఈసీ 90కి దిగింది. ‘ఇంక రోగం లేదు. ఆ పీల్చే మందు మానెయ్, అలవాటైతే వదలదు, పెళ్ళి కావలసిన పిల్లవి’ అన్నారు ఇంట్లో. మానేశా. పది రోజులు తిరక్కుండానే మళ్ళీ ఆయాసం.

ఇప్పుడు మేనమామ కొడుక్కి నన్ను అడుగుతున్నారు. వాళ్ళకు పొగాకు బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) ఉంది. పుట్టబోయే పిల్లలకు ఈ జబ్బు వస్తుందేమోనని మా నాయనకు బెంగ. ఒక ల్యాబు మనిషి ఇంటికొచ్చి, 15 వేలు పెడితే జన్యు పరీక్షలో అంతా తేలిపోతుందని చెప్పి, వెయ్యి అడ్వాన్సు తీసుకెళ్ళాడు. ఆ పరీక్ష చేయించుకోమంటారా? మా తమ్ముడికి 16 ఏళ్లు. వాడికీ రెండు నెలలుగా రాత్రిళ్ళు దగ్గు, ఏఈసీ 4,300 ఉంది. వంశంలో ఉన్నదే కదా అని నా మందులే వాడికీ ఇస్తున్నాం.
– ఒక పాఠకురాలు, కోవూరు

సమాధానం: అమ్మణ్ణీ, నువ్వు చివర్లో రెండు ముక్కల్లో తేల్చేసిన తమ్ముడి సంగతి ముందు మాట్లాడాలి. నీ పెళ్ళీ, జన్యు పరీక్షా నాలుగు రోజులు ఆగుతాయి. వాడిది ఆగదు.

ఏఈసీ అంటే ఒక మైక్రోలీటరు రక్తంలో ఈస్నోఫిల్ అనే తెల్లకణాలు ఎన్ని ఉన్నాయన్న లెక్క. 500 దాకా మామూలే అనుకుంటాం. ఉబ్బసం ఉన్నవాళ్ళలో అది ఎక్కువగా ఐదారు వందల దగ్గరో, వెయ్యి దగ్గరో తిరుగుతుంటుంది. 1,500 దాటిందంటే ఉత్త ఉబ్బసమేనా అని వైద్యుడు అనుమానించాలి. 4,300 అయితే అనుమానం కాదు, వెతుకులాటే.

మన కోస్తాలో ఆ వెతుకులాట మొదలయ్యేది ఫైలేరియాతో. బోదకాలు తెచ్చే పురుగే ఇది, దోమల ద్వారా ఎక్కుతుంది. కొందరిలో కాలు వాయదు. ఆ పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి, ఒళ్ళు వాటిమీద మితిమీరి తిరగబడుతుంది. దాంతో రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు, కొంచెం జ్వరం, బరువు తగ్గడం, ఏఈసీ 3,000 దాటిపోవడం, ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ ఆకాశానికి వెళ్ళడం జరుగుతాయి. దీన్ని ట్రాపికల్ పల్మనరీ ఈస్నోఫీలియా అంటారు. ఎక్కువగా వయసులో ఉన్న మగపిల్లల్లోనే కనిపిస్తుంది. చూపులకు అచ్చం ఉబ్బసమే. రాత్రిపూట తీసే రక్తపు స్లైడులో కూడా పురుగు దొరకదు కాబట్టి ‘ఫైలేరియా లేదు’ అని రిపోర్టు వచ్చినా నమ్మి కూర్చోకూడదు. ఫైలేరియా యాంటీబాడీలు, ఛాతీ ఎక్స్‌రే, లక్షణాలు అన్నీ కలిపి చూసి తేల్చాలి. తేలితే డీఈసీ మాత్రలు మూడు వారాలు, డాక్టరు చూపులో. చాలామందికి అంతటితో దగ్గు మాయమవుతుంది. ఉబ్బసమనుకుని ఏళ్ళు గడిపేస్తే మాత్రం ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి.

రెండో అనుమానం కడుపులో పురుగులు. పొలాల్లో చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకు కొంకి పురుగు ఎక్కడం కొత్తేమీ కాదు. వీటిలో స్ట్రాంజిలాయిడ్స్ అని ఒకటుంది. అది లోపల ఉండగా స్టెరాయిడ్ మాత్రలు పడితే ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే అంటున్నా, మీ ఆర్‌ఎంపీ గారిచ్చిన మాత్రలు స్టెరాయిడే అయ్యుండొచ్చు, వాటిలో మిగిలినవి ఏవైనా ఉంటే తమ్ముడికి ఒక్కటి కూడా వేయకండి. మల పరీక్ష చేయించండి. దగ్గు రెండు వారాలు దాటింది కాబట్టి తెమడ పరీక్ష కూడా. అది సర్కారు ఆసుపత్రిలో ఉచితం. వాడిని ఈ వారంలోనే నెల్లూరు పెద్దాసుపత్రిలో ఛాతీ వ్యాధుల విభాగానికి తీసుకెళ్ళు. వాడికి నిజంగా ఉబ్బసమే ఉండొచ్చు, కాదనను. కానీ ‘వంశంలో ఉంది కదా’ అన్న ఒక్క మాట మీద ఎవరికీ జబ్బు నిర్ణయం చేయకూడదు.

ఇక నీ సంగతి.

నీ ఏఈసీ 820 నుంచి 90కి దిగింది సూదుల వల్ల, మాత్రల వల్ల. ఇలా ఆయాసం తిరగబడినప్పుడు ఊళ్ళలో పడే సూది, మాత్ర సాధారణంగా స్టెరాయిడే. స్టెరాయిడ్ ఒంట్లో పడిన కొన్ని గంటల్లోనే ఈస్నోఫిల్స్ రక్తంలోంచి తప్పుకుంటాయి. మందు ఆగాక మెల్లగా మళ్ళీ వచ్చేస్తాయి. గేట్లెత్తిన మర్నాడు సోమశిల నీటిమట్టం చూసి ఈ ఏడు వానలే పడలేదని రాసుకున్నట్టుంది ఆ 90ని చూసి రోగం పోయిందనడం. మందులేమీ వాడకపోయినా ఈ లెక్క ఒక్కచోట నిలవదు. పొద్దున తక్కువగా, రాత్రికి ఎక్కువగా ఉంటుంది. అందుకే మేం ఒక్క రిపోర్టుతో తృప్తిపడం, పాతవన్నీ తెమ్మంటాం. మందు పడకముందు తీసిన 820యే నీ విషయంలో పనికొచ్చే అంకె.

అది చెప్పేదేమిటంటే, నీ ఉబ్బసం అలర్జీ తరహాది, ఈస్నోఫిల్స్ నడిపేది. ఈ తరహాకి పీల్చే స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది. కాబట్టి నువ్వు భయపడిన అంకె ఒకరకంగా మంచి కబురే. రెండో మాట కూడా ఉంది. మందు సరిగా వాడకుండా ఈ అంకె ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఆయాసం తిరగబడే ముప్పు ఎక్కువ. అది నీకు పది రోజుల్లోనే అనుభవమైంది. అంతకుమించి ఆ అంకె ఏమీ చెప్పదు. జబ్బు ఎంత ముదిరిందో చెప్పదు. అసలు ఉబ్బసం ఉందో లేదో కూడా దానితో తేలదు. ఏఈసీ 150 ఉండి ఐసీయూలో చేరినవాళ్ళుంటారు, 800 ఉండి హాయిగా పరుగులు పెట్టేవాళ్ళుంటారు. మనవైపు ‘నాకు ఈస్నోఫీలియా ఉంది’ అని ఏళ్ళ తరబడి చెప్పుకుంటూ, దానికేవో మాత్రలు మింగుతూ, ఒక్కసారి కూడా ఊపిరి పరీక్ష చేయించుకోనివాళ్ళు ఎంతమందో.

ఆ ఊపిరి పరీక్ష పేరు స్పైరోమెట్రీ. గొట్టంలోకి గట్టిగా ఊదాలి. తర్వాత ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందు పీల్పించి మళ్ళీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగిందంటే ఉబ్బసానికి గట్టి సాక్ష్యం దొరికినట్టే. నీకిది ఇంతవరకూ ఎవరూ చేయించినట్టు లేదు. పరీక్షకు కనీసం నాలుగు గంటల ముందు నుంచి ఆయాసానికి అప్పటికప్పుడు పీల్చే మందు వాడకూడదు. ఆయాసం ఆగకపోతే మాత్రం వాడేసి, ఆ మాట అక్కడ చెప్పు.

ఐజీఈ 1,150 సంగతి కొంచెం ఆగి చూడాలి. ఐజీఈ అనేది అలర్జీని నడిపే యాంటీబాడీ. పెద్దవాళ్ళలో వంద చుట్టుపక్కల ఉంటే మామూలు. ఎగ్జిమా లాంటి అలర్జీ చర్మ జబ్బులున్నా, కడుపులో పురుగులున్నా పెరుగుతుంది, కాబట్టి వెయ్యి దాటిందని కంగారు అక్కర్లేదు. ఒక్కటి మాత్రం వదిలేయకూడదు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉంది. తడిసిన గడ్డివాముల్లో, ముక్కిన ధాన్యంలో, వరి ఊకలో ఉంటుంది. కొందరు ఉబ్బసం రోగుల ఊపిరి గొట్టాల్లో అది తిష్ఠ వేస్తుంది. చిక్కటి గోధుమరంగు తెమడ ముక్కలు రావడం, ఇన్‌హేలర్ వాడినా ఆయాసం అదుపు కాకపోవడం దాని గుర్తులు. ఐజీఈ 500 దాటిన ఉబ్బసం రోగిలో ఈ బూజుకు సంబంధించిన ఐజీఈ ఒకటి విడిగా చూడమంటాం. కోవూరు చుట్టూ మిల్లులూ, వరిచేలూ. నీకు ఆ పరీక్ష న్యాయమే.

న్యాయం కానిదీ ఒకటుంది. రెండు వందల రకాల తిండికి అలర్జీ చూస్తామని అమ్మే పెద్ద ప్యాకేజీలు. వాటిలో కొన్ని ఐజీజీ అనే వేరే యాంటీబాడీని కొలుస్తాయి. మనం తినే ప్రతిదానికీ అది ఒంట్లో ఎంతోకొంత ఉంటుంది, అలర్జీకి అది రుజువు కాదు. ఆ చీటీ పట్టుకుని వంకాయ, గోంగూర, చివరికి చేపల పులుసు కూడా మానేసిన నెల్లూరు వాళ్ళను చూశాను. ఆయాసం అలాగే ఉంది, నోరు మాత్రం చప్పబడింది. నీకు దేనివల్ల వస్తోందో తెలుసుకోవాలంటే చర్మం మీద చుక్కలు వేసి చేసే పరీక్షలో దుమ్ము పురుగు, బొద్దింక, సర్కారు తుమ్మ పుప్పొడి, బూజులు చూస్తే చాలు.

పీల్చే మందు అలవాటవుతుందన్న మాట నీ ఇంట్లోనే కాదు, జిల్లా అంతా ఉంది. కాబట్టి నిదానంగా చెప్తా. ఆయాసం తిరగబడినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రల మోతాదు రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఇన్‌హేలరులో ఒక పీల్పుకు 200 మైక్రోగ్రాములు అనుకో. బరువు లెక్కన చూస్తే మాత్ర దానికి 200 రెట్లు. అదీ కడుపులోంచి ఒళ్ళంతా తిరుగుతుంది. ఇన్‌హేలరు మందు నేరుగా గొట్టాల్లో పడుతుంది. ఏటా నాలుగుసార్లు సూదులూ మాత్రలూ పడితే ఎముకలకు, కంటికి, చక్కెరకు చేటు. మీవాళ్ళు దేనికి భయపడి దేన్ని చేతుల్లోకి తీసుకున్నారో చూడు. నువ్వు మానేస్తే ఆయాసం తిరిగొచ్చింది అలవాటు వల్ల కాదు, గొట్టాల్లో వాపు ఇంకా ఉండటం వల్ల. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరిగిందని దాన్ని వ్యసనం అనంగదా.

నువ్వు వాడిన మందు ఏదో రాయలేదు. అది ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పీల్చే సాల్బుటమాల్ అయితే, అదొక్కటే వాడటం చాలదు. ఉబ్బసం వైద్యానికి ప్రపంచమంతా చూసే మార్గదర్శకాలు గీనా అనే సంస్థవి. 2019 నుంచి ఆ సంస్థ పెద్దవాళ్ళకూ, 12 ఏళ్లు దాటిన పిల్లలకూ ఉత్త సాల్బుటమాల్ వైద్యం వద్దంటోంది. అందులో వాపు తగ్గించే మందు లేదు. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ ఒక్కటే అటు రోజూ వాడటానికీ, ఇటు ఆయాసం వచ్చినప్పుడు పీల్చడానికీ సరిపోయే పద్ధతి ఇప్పుడుంది. నీ వయసు వాళ్ళకు అది సుఖం. ఏ మోతాదన్నది నిన్ను చూసిన డాక్టరు రాయాలి. 2019 నాటి గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ లెక్క ప్రకారం ప్రపంచ ఉబ్బసం రోగుల్లో మన దేశం వాటా 13 శాతం. ఉబ్బసంతో పోయే ప్రాణాల్లో మన వాటా 40 శాతం పైన. వాపు తగ్గించే మందు పీల్చాల్సినంత మంది పీల్చకపోవడం దానికి పెద్ద కారణం.

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నల్లబడినా, మందు పీల్చినా గంటలోపే ఆయాసం మళ్ళీ వస్తున్నా 108కి ఫోన్ చెయ్యి. తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

ఇప్పుడు మీ నాయన బెంగ. వంశంలో వస్తుందా అంటే, వస్తుంది. కవలల మీద జరిగిన అధ్యయనాలు ఉబ్బసంలో సగానికి పైగా వాటా జన్యువులదే అంటున్నాయి. కానీ ఆ వాటా ఒక్క జన్యువు చేతిలో లేదు. 2007లో బ్రిటన్, జర్మనీ పిల్లల మీద చేసిన పరిశోధనలో 17వ క్రోమోజోము మీద ఓఆర్‌ఎండీఎల్3 అనే జన్యువు ఉన్న చోటు బయటపడింది. చిన్నతనంలో మొదలయ్యే ఉబ్బసానికి అన్నిటికంటే గట్టిగా ముడిపడిన చోటు అదే. ఆ తర్వాత వందకు పైగా ఇలాంటి చోట్లు దొరికాయి. ఒక్కొక్కటీ ముప్పును కాస్త కాస్త పెంచుతుందంతే. వాటిని మోస్తూ జీవితంలో ఒక్కసారి కూడా ఆయాసపడనివాళ్ళు కోట్లలో ఉన్నారు. పైగా ఈ లెక్కల్లో ఎక్కువ భాగం ఐరోపా సంతతి వాళ్ళ రక్తంతో కట్టినవి. వాటిని తెచ్చి కోవూరు పిల్ల మీద పెట్టి, ‘నీ బిడ్డకు ఇంత శాతం’ అని చెప్పడానికి ఏ ల్యాబుకూ ఆధారం లేదు. ఉబ్బసం నిర్ణయానికి గానీ, మందు ఎంపికకు గానీ జన్యు పరీక్ష చేయించమని ఏ మార్గదర్శకమూ చెప్పదు. నా మాట సూటిగా: చేయించుకోకు.

ఆ పరిశోధనల్లో నీకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో 17వ క్రోమోజోము ముప్పు, పసితనంలో ఇంట్లో పొగాకు పొగ పీల్చిన పిల్లల్లో ఎక్కువగా బయటపడింది. జన్యువు అదే, పొగ తోడైతే దాని బలం పెరిగింది. అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అని రెండు వ్యవసాయ తెగలున్నాయి. పూర్వీకుల మూలాలు దగ్గరివే. 2016లో చూస్తే ఆమిష్ బడిపిల్లల్లో 5 శాతానికి ఉబ్బసం, హట్టరైట్ పిల్లల్లో 21 శాతానికి. ఆమిష్ వాళ్ళు ఇంటి పక్కనే పశువులతో, గుర్రాలతో పాతపద్ధతి సేద్యం చేస్తారు, రెండోవాళ్ళది యంత్రాల సేద్యం. అలాగని నిన్ను బర్రెల కొట్టంలో పడుకోమనడం లేదు. జన్యువుల్లో రాసి ఉన్నది బయటికి రావాలా వద్దా అన్నదాంట్లో ఇంటి గాలికి పెద్ద పాత్ర ఉందని చెప్పడానికే ఇదంతా.

అందుకే నీ ఉత్తరంలో జన్యు పరీక్ష కంటే ‘పొగాకు బ్యారన్’ అన్న మాట దగ్గర ఆగాను. కొండపి వైపు వర్జీనియా ఆకు కాల్చే రోజుల్లో, జనవరి మొదలుకుని వేసవి దాకా, కట్టెల పొగ, ఎండిన ఆకు దుమ్ము, గ్రేడింగ్ చేసేటప్పుడు లేచే నుసి అన్నీ ఉంటాయి. అత్తారిల్లు బ్యారన్‌కు ఎంత దూరం? ఇంట్లో చుట్ట, సిగరెట్ ఎవరు కాలుస్తారు? వంట గ్యాసు మీదేనా? బావ జాతకం అడిగే ముందు ఇవి అడుగు. కడుపుతో ఉన్నప్పుడూ, బిడ్డ పుట్టాకా పొగ లేని గది దొరకడం ఆ బిడ్డకు ఏ పరీక్షా ఇవ్వలేని మేలు.

మేనరికం గురించి కూడా తేల్చి చెప్తా. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉబ్బసం ఉంటే బిడ్డకు ముప్పు రెండింతలకు పైగా అవుతుంది, ఇద్దరికీ ఉంటే ఇంకా పెరుగుతుంది. ఒకరికే ఉన్నచోట వచ్చే పిల్లల కంటే రాని పిల్లలే ఎక్కువ. బావకు ఉందో లేదో నువ్వు రాయలేదు. వాళ్ళ నాన్నకు ఉంది కాబట్టి రెండువైపులా వంశంలో ఉన్నట్టే లెక్క. కానీ బయటి సంబంధం చేసుకున్నా, ఆ అబ్బాయికి ఉబ్బసం ఉంటే ఇదే లెక్క వర్తిస్తుంది. మేనరికంలో అసలు భయపడాల్సింది ఉబ్బసం గురించి కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఒకే జన్యువు చెడ్డ ప్రతులు రెండూ కలిస్తే వచ్చే జబ్బులుంటాయి, తలసీమియా లాంటివి, కొన్నిరకాల పుట్టు చెవుడు లాంటివి. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో పుట్టుకతో వచ్చే తీవ్ర లోపాలు, మేనత్త, మేనమామ పిల్లల మధ్య జరిగే పెళ్ళిళ్ళలో నాలుగు నుంచి ఆరు దాకా ఉంటాయి. ఇంట్లో అలాంటి బిడ్డ ఎవరైనా పుట్టారా అని పెద్దల్ని అడగండి. ఉంటే జన్యు సలహా నిపుణుల దగ్గరికి వెళ్ళడంలో అర్థముంది. నాకైతే మేనరికాలు తగ్గితేనే మంచిదనిపిస్తుంది. కానీ ఆ నిర్ణయం మీదీ, దానికి ఉబ్బసాన్ని సాకు చేయనక్కర్లేదు.

బావకు, అత్తకు నీ జబ్బు సంగతి ముందే చెప్పెయ్. మేనమామ కూడా అదే జబ్బు మనిషి కదా, అర్థం చేసుకోవడానికి వాళ్ళకంటే దగ్గరివాళ్ళు దొరకరు. రేపు నెల తప్పినా ఇన్‌హేలర్ ఆపకూడదని వాళ్ళకు ఇప్పుడే తెలియాలి. గర్భంలో ఉన్న బిడ్డకు హాని చేసేది తల్లికి ఊపిరాడకపోవడం. బుడెసొనైడ్ గర్భిణులు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న మందు. అప్పుడు భయపడి ఎవరో ఆపించారంటే, ఇప్పుడు పడిన పది రోజుల కష్టం ఇద్దరికి పడుతుంది.

ఆ ల్యాబు మనిషికి ఇచ్చిన వెయ్యి సంగతి. రక్తమో, ఉమ్మో ఇంకా ఇవ్వలేదు కాబట్టి గట్టిగా అడిగి వెనక్కి తీసుకో. ఇవ్వనంటే ఆ వెయ్యికోసం తిరగకు, మిగతా 14 వేలు మిగిలాయి. స్పైరోమెట్రీకీ, చర్మ పరీక్షకూ, ఆరు నెలల ఇన్‌హేలర్లకూ పోను అందులో ఇంకా ఉంటాయి.